పెట్టె అడుగున కార్డు

మధ్యాహ్నం. ఇస్త్రీ దుకాణంలో తల్లి చొక్కాలు ఇస్త్రీ చేస్తోంది. గోదాములో బస్తాలు మోసే కొడుకు వచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

“అయితే పెట్టె తాళం ఇవ్వవన్నమాట.”

“ఇవ్వనన్నానా? ఈ నాలుగు చొక్కాలూ కానీ. డాక్టరుగారి మనిషి వస్తాడు.”

“పొద్దున్నించీ నాలుగు చొక్కాలే అంటున్నావు.”

“ముందు నువ్వా మెషీన్ మీద ఆనుకోకు.”

“ఇది చచ్చి రెండేళ్లయింది, ఇంకా కాలుతుందా? పాత ఇనుముకి వేసేద్దామంటే వినవు. సగం దుకాణం ఇదే మింగేసింది.”

“ఆవిరి మీద నడిచే మెషీన్ ఈ చుట్టుపక్కల మొదట వచ్చింది మన దగ్గరికే. హోటళ్లవాళ్లు దుప్పట్లు మోసుకొచ్చి వరసలో నిలబడేవాళ్లు.”

“ఆ కథ తరవాత చెబుదువుగానీ. బదిలీ ఆఫీసు నాలుగింటికి మూసేస్తారమ్మా. పెట్టెలోని నా కార్డు ఇస్తే తీసుకెళ్లి నా పౌరసత్వం వాళ్లకి రాసిచ్చేస్తా. డబ్బు చేతికి రాగానే అట్నించటే ఆసుపత్రికి పోతా. రేపు కడితేగానీ గురువారం నీ కోడలికి ఆపరేషన్ లేదు. ఇందులో నీకు అర్థం కానిదేముంది?”

“ఎలా ఉంది పిల్ల?”

“జోకులేస్తోంది. బిల్లు కట్టకముందే గుండె ఆగితే ఆసుపత్రికే నష్టమంటోంది. నర్సు నవ్వింది. నాకు నవ్వు రాలేదు.”

“ఉచిత వార్డు ఉంటుంది కదరా?”

“వెళ్లాను. భర్త పేరు పౌరుల జాబితాలో లేదు, కుదరదన్నారు.”

“గుమాస్తా తప్పయ్యుంటుంది.”

“ఎక్కడికెళ్లినా గుమాస్తా తప్పే. ఓటర్ల జాబితాలో నేనుండను. లైసెన్సుకి వెళితే కంప్యూటర్లో దొరకట్లేదంటాడు. ముప్పై ఏళ్లుగా అందరు గుమాస్తాలూ నా ఒక్కడి దగ్గరే తప్పు చేస్తారా?”

“వాళ్ల ధ్యాస పని మీద ఉంటే కదా. బడిలో వేసుకోలేదూ నిన్ను?”

“హెడ్మాస్టరు చొక్కాలు ఊరికే ఇస్త్రీ చేశావు గనక వేసుకున్నాడు. నువ్వే చెప్పావు.”

“చెప్పానా?”

“చెప్పావు. అందుకే అంటున్నా, ఆ పౌరసత్వం నాకు తిండి పెట్టలేదు, గుడ్డ పెట్టలేదు. యుద్ధంలో ఇల్లూ ఊరూ పోగొట్టుకున్నవాడెవడో దాన్ని కళ్లకద్దుకుంటాడు. వాడికి నీడ దొరుకుతుంది, ఇక్కడ నా పెళ్లాం బతుకుతుంది.”

“అది అమ్ముకునే వస్తువేనంట్రా?”

“వీధి వీధంతా అమ్ముకుంది. సెలూన్ బాబాయి అమ్మలేదూ? ఆయన కత్తెర ఆడడం మానేసిందా?”

“కత్తెర బాగానే ఆడుతోంది. మొన్న తాగుబోతులు షాపు అద్దాలు పగలగొడితే స్టేషన్‌కి వెళ్లాడు. నువ్వెవరివన్నారట. ఇక్కడే పుట్టానయ్యా అంటే, పుట్టుంటావులే, ఇప్పుడెవరివో చెప్పు అన్నారట. అద్దాలు ఏరుకుని గమ్మున కూర్చున్నాడు.”

“నన్ను మాత్రం ఏ స్టేషన్లో కుర్చీ వేసి కూర్చోబెట్టారు?”

“రేపు మీకో బిడ్డ పుడితే?”

“ముందు బిడ్డ తల్లి బతకాలి కదమ్మా.”

“నాది అమ్ముతాను. నాకెందుకిక.”

“యాభై దాటినవి తీసుకోరు. బయట బోర్డు మీదే రాశారు.”

“పోనీ, ఈ దుకాణం...”

“దుకాణం అద్దెది. తాళం ఇవ్వు.”

“పోయింది.”

“నీ మెళ్లోనే ఉంది.”

“తాళం కాదు. కార్డు పోయింది.”

“ఎలా పోయింది?”

“వానకి పెట్టె తడిసింది. ఆరబెట్టి, ముడతలు పోతాయి కదాని ఇస్త్రీ చేశా. కాలి అంటుకుపోయింది.”

“సిల్కు చొక్కా మీద చిన్న మచ్చ పడనివ్వవు, నా కార్డు కాల్చావా?”

“పొరపాటైంది.”

“సర్లే. నకలు ఇస్తారు. తల్లి వచ్చి వేలిముద్ర వేస్తే చాలట. పద.”

“నేను రాను.”

“పది నిమిషాల పనమ్మా.”

“అక్కడికి మాత్రం రాను.”

“ఎందుకని?”

“అక్కడ నా వేలిముద్ర ముందే ఉంది.”

“ముందే అంటే?”

“నీకప్పుడు ఏడో నెల. అప్పుడప్పుడే పాకుతున్నావు. మీ నాన్న వెళ్లిపోయాడు. పొయ్యి వెలిగించి మూడు రోజులైంది. నాది తీసుకోండి బాబూ అన్నానురా, నీ మీద ఒట్టు. అప్పట్లో వాళ్లు పసిపిల్లలదే కావాలన్నారు. అందులో నిండు ఆయుష్షు మిగిలుంటుందట.”

“అమ్మా...”

“నంబరు వేసి చీటీ ఇచ్చారు. అచ్చం మన చీటీలాగే. మన దగ్గర ఎన్ని నెలలకొచ్చినా, చీటీ చూపించి డబ్బులిస్తే బట్టలిచ్చేస్తాం కదా. అదీ అంతే అనుకున్నా. దాచి, దాచి, నీకు పద్దెనిమిది రాగానే డబ్బూ చీటీ పట్టుకుని వెళ్లా. అక్కడి అమ్మాయి చూసి నవ్వింది. ఇది అమ్మినట్టు రసీదమ్మా, తిరిగి రాదు అంది. పెట్టెలో ఉన్నది ఆ చీటీయే.”

“అంటే నేను ఇన్నాళ్లూ...”

“చెబుదామనే అనుకునేదాన్ని. ప్రతిసారీ నువ్వే గుమాస్తాల్ని తిట్టుకుంటూ వచ్చేవాడివి.”

“లేనిదాన్ని అమ్మడానికా, పొద్దున్నించీ నిన్ను బతిమాలుతున్నాను? ఆసుపత్రికి వెళ్లి దానికేం చెప్పను?”

“నాకు తెలీదురా.”

“ఏం కొన్నావు దాంతో? నా బతుకు వాళ్లకి రాసిచ్చేసి ఏం తెచ్చుకున్నావో అదైనా చెప్పు.”

“నువ్వు ఆనుకుని నిలబడ్డదే, నాయనా.”