బొమ్మలో బీడీ

బతుకమ్మ సెలవులకు కూతురు తండ్రిని గోదావరిఖని నుంచి తీసుకొచ్చి హైదరాబాదులో బొమ్మల మ్యూజియం చూపిస్తోంది. బొగ్గుబాయిని గీసిన బొమ్మ ముందుకు రాగానే ఆయనకు ఒళ్లు మండిపోయింది.

“ఏంది బిడ్డా గిది? బాయిల పనిచేసెటోని నోట్ల బీడీ పెట్టిండు!”

“మెల్లగ, బాపూ. అందరు చూస్తున్నరు.”

“చూడనీ! బాయిల దిగెటోళ్ల జేబులు తడుముడే ముప్పయ్యేండ్లు నా డ్యూటీ. అగ్గిపెట్టె దొరికితే ఇంటికి తోలిన.”

“గీసినాయనకు ఎరుక లేదు. ఉత్త బొమ్మనే గదా.”

“ఉత్త బొమ్మనా? గ్యాసు అంటుకొని మీ కాక సచ్చిపోతే, బీడీ ముట్టిచ్చిండని కంపెనోళ్లు ఆయన మీదనే రాసిన్రు. గిది చూసినోళ్లు నిజమే అనుకోరా?”

“నువ్వప్పుడు చెప్పకపోతివా?”

“చెప్పిన. తమ్మునికి అన్న సాక్ష్యమా అని నవ్విన్రు. ఆ పొద్దు వాని జేబులు తడిమింది నేనే, బిడ్డా. అగ్గిపుల్ల గూడ లేదు.”