నెమ్మదిగా నడిచే పెట్టె

కంప్యూటర్లు కట్టి అమ్మే చిన్న కొట్టు. బల్లకు ఇవతల ఒక ఇల్లాలు. అవతల ఆమె భర్తతో ఒకప్పుడు ఒకే చోట పనిచేసిన మెకానిక్. రక్తసంబంధం లేకపోయినా వరస మాత్రం వదినా మరుదులది.

"మళ్ళీ చెప్పు వదినా. నెమ్మదిగా నడిచేదా?"

"నెమ్మదిగానే. పైకి కొత్తగా కనిపించాలి. లోపల మాత్రం..."

"సంతకొచ్చి కుంటెద్దు ఉందా అని అడిగినట్టుంది."

"వేళాకోళం కాదు మరిదీ."

"ఎంత నెమ్మది కావాలి? అటక మీద ఒకటుంది. మా నాన్న పెళ్ళినాడు మీట నొక్కితే నా పెళ్ళినాటికి తెర వెలిగింది."

"అదే ఇవ్వు."

"నవ్వుతావనుకున్నాను."

"నవ్వి ఎన్నాళ్ళయిందో."

"అన్నయ్య ఇంకా షేర్లు ఆడుతున్నాడా? మానేశానన్నాడే."

"మానేశాడు. నాలుగుసార్లు మానేశాడు."

"ఎంత పోయింది?"

"అది వదిలెయ్. పోయిందంతా పాత కంప్యూటరు పెట్టె వల్లేనట. ధర కదిలిన క్షణానికి ఆర్డరు వెళ్ళడం లేదట. కొత్తదొస్తే మొత్తం వెనక్కి లాగేస్తాడట."

"లాగడానికి చేతిలో ఏముందని?"

"ఇల్లు. సోమవారం కాగితాలు తాకట్టు పెడతాడు. నా సంతకం కూడా కావాలి."

"పెట్టనని చెప్పలేకపోయావా?"

"చెప్పాను. కాళ్ళు పట్టుకున్నాడు. నా కాళ్ళు, మరిదీ. పిల్ల చూస్తుండగా."

"మరి నెమ్మదిగా నడిచేదిస్తే ఏమవుతుంది?"

"ఆర్డరు వెళ్ళకపోతే విసుగొచ్చి ఆగుతాడేమో. ఒక్కరోజు ఆగితే చాలు, ఆ కాగితాలు మా అన్న ఇంట్లో దాచేస్తాను."

"అన్నయ్య కనిపెట్టేస్తాడు వదినా. చెవి ఆనించి పెట్టె జబ్బు చెప్పే మనిషి."

"కనిపెడితే తిడతాడు. తిట్టనీ."

"అయినా తనే రావచ్చుగా?"

"మార్కెట్ వేళ కుర్చీ దిగడు. దిగలేడు. ఏమేం కావాలో చీటీ రాసిచ్చాడు. నీ దగ్గరే కొనమన్నాడు."

"నా దగ్గరే అన్నాడా? ఇలా ఇయ్యి. తెరలు మూడు... రంగు దీపాల పెట్టె... ప్రాసెసరు... ఇదేంటి?"

"ఏమైంది?"

"ఈ చీటీ ఎవరు రాశారు?"

"ఆయనే. నాలుగు కాగితాలు చించి మరీ రాశాడు."

"పైకి పెళ్ళికొడుకులా ఉంది వదినా. లోపల చూడు. ఈ ప్రాసెసరు తయారీ ఆపేసి పదేళ్ళయింది. డిస్కు పాత తిరిగేరకం. మెమరీ చూస్తే ఉత్తరాలు టైపు చేసుకోడానికి సరిపోతుంది. షేర్ల సాఫ్ట్‌వేరు ఇందులో తెరుచుకుంటే గొప్ప."

"కంగారులో తప్పు రాశాడేమో."

"తప్పా? పెట్టెలు కట్టడం నాకు నేర్పిందే ఆయన."

"మరి?"

"ఆయన్ని ఆపమని నువ్విప్పుడు నోరు తెరిచి అడిగావు వదినా. ఆయనా అదే మాట నీ చేతికే రాసిచ్చి పంపాడు."