వీసా ఆఫీసరు మెడ

"ఇంటర్వ్యూకే ఇంత బెంగ పెట్టుకుంటే ఎలాగే? ఆ కిటికీ ముందు నిలబడి గెలిచి వచ్చినవాణ్ణి, పక్కన నేనుండగా నీకు భయమేమిటి?" అన్నాడు బాబాయ్, టీ కొట్టు బెంచీ మీద కాలు మీద కాలేసుకుని.

ఆయన ఆ అమ్మాయికి వరసకి బాబాయ్, మాకందరికీ అలవాటు కొద్దీ బాబాయ్. అమ్మాయి ఎదురుగా ఉన్న వాళ్ళ పిన్ని క్లినిక్‌లోనే ఫిజియోథెరపిస్టు. వేరే దేశంలో ఒక ఆసుపత్రి ఉద్యోగం ఇస్తానంది. ఇక్కడి చదువు అక్కడి చదువుకి సరిపోదంటే మళ్ళీ కూర్చుని పరీక్షలు రాసింది, లైసెన్సు కూడా తెచ్చుకుంది. మిగిలిందల్లా రేపు పొద్దున వీసా ఇంటర్వ్యూ. అది పోతే ఆ ఉద్యోగం ఇంకొకరికి పోతుంది. కంగారు పడితే ఆ పిల్లకి నోరు పెగలదు. 'నువ్వేం పని చేస్తావు?' అని పిన్ని అడిగి చూస్తే పొద్దుట్నుంచీ ఒక్క ముక్క రాలేదట.

"విను. ఆ రోజు నేను చేసింది పెద్దేం లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్తా, నాకు గొప్పలు గిట్టవు."

పక్కనే కూర్చున్న దర్జీ దగ్గాడు.

"ఏమయ్యా, జలుబా? వేడిగా ఒక టీ తాగు. అద్దం వెనక ఆఫీసరు కూర్చున్నాడమ్మా. మెడ కుడివైపుకి బిగుసుకుపోయింది. ఎటు చూడాలన్నా మనిషి మనిషంతా తిరగాలి, పాపం. నాకు చూస్తూ ఊరుకోబుద్ధి కాలేదు. సార్, గడ్డం కాస్త లోపలికి లాక్కుని భుజాలు వదిలెయ్యండి అన్నా. టక్‌మంది. ఆ చప్పుడికి హాల్లో జనమంతా లేచి నిలబడ్డారు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"వీసా ఇచ్చాడు," అన్నాడు టీ కొట్టాయన.

"నీకన్నీ తొందరే! ముందు ఎడంపక్కకి తిరిగాడు. ఏళ్ళ తర్వాత మొదటిసారి! తిరిగితే పక్క కిటికీలో ఒకావిడ. అన్నాళ్ళూ పక్కనే పనిచేస్తున్నా మొహం చూసిన పాపాన పోలేదు. చూశాడు. ఆవిడా చూసింది. పెళ్ళికి పెద్దగా నన్నే పిలిచారు."

"వెళ్ళావా?"

"తీరికేదయ్యా! ఈ సంగతి తెలిసి లోపలున్న ఆఫీసర్లంతా నడుం పట్టుకుని ఒకడు, మోకాలు పట్టుకుని ఒకడు వచ్చేశారు. ఇక లాభం లేదని నేను అద్దానికి లోపల కూర్చుని, వాళ్ళని బయట లైన్లో నిలబెట్టా. వచ్చిన పనేమిటి? నడుం నొప్పండీ. ఎన్నాళ్ళుంటారు? తగ్గేదాకానండీ. కాగితాలు సరిగ్గా లేవు, రేపు రండి!"

అమ్మాయి పెదవి కాస్త కదిలింది. బాబాయ్ అది కనిపెట్టాడు. ఇంక ఆగుతాడా?

"అక్కడికెళ్ళాక మొదటి పేషెంటు సంగతి చెప్పలేదు కదూ? మంచం దిగి ఏళ్ళయింది వాడు. వీపు మీద వేలు ఆనించానంతే. లేచాడు, నడిచాడు, పరుగు లంకించుకున్నాడు. ఆగడం ఎలాగో నేర్పేలోగా సరిహద్దు దాటేశాడు. మళ్ళీ వాడికీ వీసా ఇప్పించాల్సొచ్చింది."

"పరిగెత్తేవాడికి వీసా ఎవరిచ్చారు బాబాయ్?" అన్నాడు టీ కొట్టాయన.

"ఇంకెవరు, ఆ మెడ ఆఫీసరే! వాడి పక్కనే పరిగెడుతూ ముద్ర కొట్టాడు."

"మా చెవుల్లో పువ్వులేమైనా కనిపిస్తున్నాయా?" అన్నాడు దర్జీ.

"నమ్మకపోతే నీ ఖర్మ. ఆ ఊళ్ళో గడియార స్తంభం ఒక పక్కకి ఒరిగిపోయి ఉండేది. ఇంజినీర్లు చేతులెత్తేసి నా దగ్గరికొచ్చారు. చుట్టూ తిరిగి చూశా. తప్పు పునాదిలో లేదయ్యా, అది నిలబడే తీరులో ఉంది. పొద్దునా సాయంత్రం వ్యాయామం చేయించా."

"స్తంభం చేత?"

"మరి నీ చేతా? నిటారుగా నిలబడింది. కాస్త పొడుగు కూడా సాగింది. అప్పట్నుంచీ గడియారం ఒక్క నిమిషం వెనకబడితే ఒట్టు!"

"నాకు ఆ స్తంభం ఎక్కడా కనపడలేదే," అంది వెనక నుంచి పిన్ని. చేతులు తుడుచుకుంటూ క్లినిక్ మెట్లు దిగి వచ్చింది. "అక్కడున్నన్నాళ్ళూ మీరు గిడ్డంగిలో పెట్టెలు సర్దారు కదండీ. ఫిజియోథెరపిస్టుని నేను. నా ఉద్యోగానికి నాకు వీసా ఇచ్చారు, నాకు మొగుడైనందుకు మీకిచ్చారు."

దర్జీ కడుపు పట్టుకుని నవ్వాడు. "ఆ మాత్రం తేడాకి మనిషిని నడివీధిలో నిలబెడతావా?" అని గొణిగాడు బాబాయ్.

పిన్ని అమ్మాయి పక్కన కూర్చుంది. "ఈయన అసలు సంగతి తప్ప అన్నీ చెప్తారే. ఆ రోజు 'ఏం పని చేస్తావు' అని అడిగితే నాకూ నీలాగే నోరు పెగల్లేదు. గుడ్లప్పగించి నిలబడ్డా. ఆఫీసరు విసిగిపోయి ఈయన్ని అడిగాడు, ఈవిడ మీ భార్యేనా అని. ఈ మహానుభావుడు అవునో కాదో చెప్పరే! 'మా అమ్మ మంచాన పడితే ఈవిడే మళ్ళీ నడిపించింది సార్' అన్నారు. 'ఎలా?' అన్నాడు ఆఫీసరు నా వైపు చూసి. అంతే, అత్తయ్యని మంచం అంచున ఎలా కూర్చోబెట్టానో అక్కణ్ణుంచి మొదలెట్టా. ఇక చాలమ్మా, వెళ్ళమ్మా అనేదాకా ఆపలేదు."

బాబాయ్ చెవులు ఎర్రబడ్డాయి.

"ఇంత మంచి ముక్క మాకెప్పుడూ చెప్పలేదేం బాబాయ్?" అన్నాడు టీ కొట్టాయన.

"జరిగిందే కదయ్యా, అందులో చెప్పడానికేముంది?"

పిన్ని అమ్మాయి చెయ్యి పట్టుకుంది. "ఇప్పుడు చెప్పు. నువ్వెవర్ని నడిపించావు?"

"నడిపించలేదు పిన్నీ," అంది అమ్మాయి మెల్లగా. "మన దగ్గరికొచ్చే తాపీమేస్త్రి లేడూ, పక్షవాతంతో కుడిచెయ్యి పడిపోయిందే, ఆయన. రోజూ ఒక్కో వేలూ విప్పించేదాన్ని. విసుక్కునేవాడు, నన్ను తిట్టేవాడు. రానని మొండికేస్తే ఇంటికెళ్ళి చేయించాను. మొన్న ఆ చేత్తోనే చొక్కా గుండీ పెట్టుకున్నాడు."

ఎక్కడా తడబడలేదు. పిన్ని ఆమె చెయ్యి నొక్కింది.

బాబాయ్ ఉండబట్టలేకపోయాడు. "గుండీయా! గుండీ ఆ ఆఫీసరు కంటికి ఏం ఆనుతుందే పిచ్చిదానా? ఆ చేత్తోనే నాలుగంతస్తుల మేడ లేపాడని చెప్పు, అందులో మన ఆఫీసరుకి ఒక వాటా కూడా..."

"వద్దు బాబాయ్, గుండీ అనే చెప్తాను," అంది అమ్మాయి. "అది పెట్టుకుని, విప్పి, మళ్ళీ పెట్టుకుని, ఏడ్చేశాడాయన."