చెంచయ్య లెక్కేసిన శుక్రవారం

ఏందిరా అబ్బయ్యా, ఆ కేలండరు ముందర అంతసేపు నిలబడిపోయినావు? మంచి శుక్రవారం ఏ తారీకో చూస్తా ఉండావా? చూడు చూడు. అచ్చేసి గోడకి తగిలిచ్చినాక చూసేదానికేముంది. ఒకప్పుడు ఆ తారీకు కాడ ఒక మనిషి బతుకే పొయ్యింది. చెంచయ్య అని, మన పల్లెకి ఏసయ్య మాట చెప్పిన మొదటి ఉపదేశి. నువ్వు ఆ పేరు విని ఉండవులే. నేనూ ఆయన్ని చూడలా. మా అవ్వ లిదియమ్మ చెప్పేది, ఆమె కళ్లారా చూసింది.

ధాత కరువని విన్నావు గదా. ధాత యేడు పొయ్యి ఈశ్వర యేడు వచ్చినా కరువు పోలా. వాన పడింది, వానతో పాటే జొరాలు దిగినాయి. ఉదయగిరి కొండ కింద మన పల్లెలో ముప్పై కొంపలుంటే పొయ్యి రాజేసేవి పదో పన్నెండో. మిగతావాళ్లు బలుసాకు ఉడకేసుకునేది, అదీ ఉప్పు లేకుండా. ఉప్పంటే గుర్తొచ్చింది, నిన్నటి పులుసులో మీ అమ్మ... సరే, పోనీలే. ఆ కరువులో చెరువుకట్ట పని పెట్టినారు. పొద్దస్తమానం తట్టలతో మట్టి మోస్తే సాయంత్రానికి ఇన్ని జొన్నలు కొలిచేది. వాటి మీదనే పల్లె ప్రాణాలు నిలబడినాయి. ఉపదేశినని చెంచయ్య నీడన కూర్చోలా, అందరితో పాటే తట్ట మోసినాడు. పొట్టి మనిషంట. మామూలుగా మాట్లాడినా చెవిటోడితో మాట్లాడినట్టు అరిచేవాడంట, వేదం, అదే బైబిలు, చదివేటప్పుడు మాత్రం గొంతు తగ్గిపొయ్యేదంట.

ముందటేడు మంచి శుక్రవారం తారీకు ఆత్మకూరు నుంచి పాదిరి దొర రాసి పంపినాడు. ఆ యేడు కాగితం రాలా. దారిలో మనుషులే రాలిపోతా ఉంటే కాగితం ఎవరు తెస్తారు. ఏసయ్య చనిపోయిన దినం ఎప్పుడని పల్లెంతా చెంచయ్యనే అడిగేది. ఊరికే అడగలా. ఆ దినం పనికి పోకుండా ఉపాసం ఉండాలని మాట అనుకున్నారు. మేస్త్రీని బతిమాలితే వాడు, ఒక్క దినం పోండి, రెండో దినం అన్నారంటే అందరి పేర్లూ కొట్టేస్తానని చెప్పినాడంట. ఆ ఒక్క దినం తప్పకూడదు.

చెంచయ్యకి తెలిసిందేమంటే, పున్నమి దాటినాక వచ్చే ఆదివారం ఏసయ్య తిరిగి లేచిన పండగ, దాని ముందర శుక్రవారం చావు దినం. ముందటేడు మార్చి పున్నమికి వచ్చింది, ఈ యేడూ మార్చి పున్నమే అనుకున్నాడు. అదెప్పుడో తెలుసుకునేదానికి ఉదయగిరిలో పంచాంగం అయ్యవారింటికి పొయ్యి, వీధిలో ఎడంగా నిలబడి అడిగినాడు. అయ్యవారు అరుగు మీద నుంచే, సోమవారం పున్నమి, కామదహనం, ఏంరా మీ దేవుడు కూడా మా పంచాంగమే చూసుకోవాల్నా, అని నవ్వినాడంట. చెంచయ్యా నవ్వినాడంట.

మా తాత కామయ్యకి ఈ దేవుడి గొడవ పట్టేది కాదు. పెళ్లాం నమ్మింది, తల్లి మాలకొండమ్మ నమ్మింది, ఆయన మాత్రం ఎడంగానే ఉన్నాడు. శుక్రవారం వచ్చింది. ముసలామె జొరంతో పడుండాది. నువ్వు ఉపాసం ఉండబాకవ్వా, గంజి తాగు, అని చెంచయ్యే వచ్చి చెప్పినాడు. వినలా. ఏసయ్య దప్పికతో పొయ్యినాడంటివే, నేనొక పూట ఓర్చుకోలేనా అనింది. మూడో జాము దాటంగానే ప్రాణం పొయ్యింది. పల్లెంతా ఏడ్చింది గానీ ఆ ఏడుపులోనే ఒక నెమ్మది ఉండాది. ఎంత పుణ్యం చేసుకునిందో, ఆయన పోయిన దినాన్నే, ఆయన పోయిన పొద్దుకే పొయ్యిందని అందరి నోటా అదే మాట. తాత ఆ మాట పట్టుకున్నాడు. పూడ్చి వచ్చినాక చెంచయ్య చేతులు పట్టుకుని, "మా అమ్మను తన దినాన పిలుచుకున్నాడన్నా. ఇంక నేనూ వస్తా" అన్నాడు. ఆ ఆదివారం నుంచి గుడిసె గుడికి ముందుగా పొయ్యి ఊడ్చేది ఆయనే.

రెండు వారాలకి దొర కాగితం వచ్చింది. ఏప్రిల్ పంతొమ్మిది అని రాసుండాది. మార్చి ఇరవయ్యొకటి దాటినాక వచ్చే పున్నమిని లెక్కపెట్టాలంట. కామదహనం పద్దెనిమిదికే అయిపొయ్యింది. మూడు దినాల తేడాలో నెల మారిపొయ్యింది. చెంచయ్య ఆ కాగితాన్ని మడిచి వేదంలో పెట్టుకున్నాడు. చెప్తే జనం మళ్లీ పని మానుకుంటారు, పేర్లు పోతాయి, జొన్నలు పోతాయి. అదొకటి. ఇంకోటి, కామయ్య మొహం. చెప్పబాక అనింది చెంచయ్య పెళ్లాం రెబెకమ్మ.

పంతొమ్మిదో తారీకు అందరూ కట్ట మీదికి పొయ్యినారు. చెంచయ్యా పొయ్యినాడు, పచ్చి మంచినీళ్లు ముట్టకుండా. మిట్టమధ్యాన్నం తట్టతో సహా పడినాడు. తాత పరిగెత్తి ముంతతో నీళ్లు తెచ్చినాడు. చెంచయ్య మొహం తిప్పుకున్నాడు. ఎందుకు తాగవన్నా అంటే చెప్పడు. మళ్లీ మళ్లీ అడగంగా అడగంగా, "ఈ దినమే కామయ్యా ఆ శుక్రవారం. నేను లెక్క తప్పినా" అన్నాడు.

మా అవ్వ పక్కనే తట్ట దించుకుని నిలబడి ఉండాది.

"అయితే మా అమ్మ?" అన్నాడు తాత.

ముంతను చెంచయ్య పక్కన పెట్టి, తన తట్ట ఎత్తుకుని పొయ్యినాడు. ఆ ఆదివారం గుడికి రాలా. తర్వాత కూడా రాలా. ఆయన్ని ఎవరూ ఒక్క మాట అనలా, చెంచయ్యనీ అనలా. అనుంటే బాగుండేదని అవ్వ అనేది.

చెంచయ్య పెళ్లాన్ని తోడుకుని రెండు దినాలు నడిచి ఆత్మకూరు పొయ్యి, వేదం దొర చేతికిచ్చేసినాడు. నా వల్ల కాదన్నాడు. దొర మంచోడే. దేవుడు తారీకులు చూడడు చెంచయ్యా అని సముదాయించినాడంట. "దేవుడు చూడడు దొరా. కామయ్య చూస్తాడు" అని దండం పెట్టి వచ్చేసినాడు. మళ్లీ ఈ పల్లెకి రాలా. కలిగిరి పక్కన యాడనో మట్టి పని చేసుకుంటా, ఆ యేడు వానలు పడకముందే జొరంతో పొయ్యినాడు. ఆ సంగతి రెబెకమ్మ వచ్చి చెప్పి, మనింటి గుమ్మంలో కూలబడి ఏడ్చిందంట. తాత లోపలే కూర్చుని విన్నాడు.

తాత చచ్చేదాకా గుడి మొహం చూడలా. మంచి శుక్రవారం పల్లెంతా పస్తుంటే ఆయన సంగటి తినేవాడు. అయితే ఏటా ఇంకో శుక్రవారం ఉండాది, కామదహనం పోయినాక వచ్చేది. ఆ దినం నీళ్లు కూడా ముట్టేవాడు కాదు. నేను చిన్నప్పుడు అడిగినా, అందరూ ఉండే దినం కాకుండా ఇదేంది తాతా అని. చెంచన్న చెప్పిన దినం ఇదే గదరా, అన్నాడు.

...

ఆ మేకపిల్ల మళ్లీ పందిట్లోకి దూరినట్టుండాది. పోరా, తోలు.