పంటిమీది బంగారం

చింతామణిలో పళ్ల డాక్టరు అద్దం అందించగానే మండికల్ నుంచి వచ్చిన పెద్దావిడ నోరంతా తెరిచి చూసుకుంది. శనక్కాయల్లో రాయి కొరికి సగం విరగ్గొట్టుకున్న దవడపన్ను ఇప్పుడు పచ్చగా మెరుస్తోంది.

“పీకేస్తావనుకొంటి నాయినా. నిలబెట్టినావు, నీ కడుపు చల్లగుండ!”

“వేరు గట్టిగా ఉండాదమ్మా, ఎందుకు పీకాల? విరిగినంత మేరకే బంగారం పోతపోసి పైన అతికించినా. మీరు తెచ్చిచ్చిన మీ చెవిపోగే అది.”

“నాది కాదప్పా, మా ఆయనది. ఆయన పోయిననాడు చెవినుంచి తీసి దాచిపెట్టుకొంటి.”

డాక్టరు నొచ్చుకున్నాడు.

“అయ్యో, గుర్తుగా పెట్టుకొన్నదాన్ని కరిగించేస్తినే! ముందే చెప్పకూడదా అమ్మా?”

“చెప్పింటే నువ్వు ముట్టుకొంటావా? అది పోనీ, పంటిమీద పెట్టిన ఈ బంగారానికి ఏందో పేరు చెప్తివే?”

“ఇంగ్లీషులో ఆన్లే అంటారు.”

“ఏమీ?”

“ఆన్లే.”

ఆమె అద్దంలోకి మళ్లీ చూసి, కొత్తపెళ్లికూతురిలా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

“అవును నాయినా, ఆయన్లే! బతికినన్నాళ్లూ ఆయన తిని లేసినాకే నేను కూచొని తింటి. ఇంక ముద్దముద్దకూ ఇద్దరం కలిసే తింటాం.”