తలుపు లేని ఇల్లు

1989 ఫిబ్రవరి 7, ఉదయం పదిన్నరకు వసంతమ్మ బాల్కొండ నుంచి బోధన్ వచ్చింది. ఆమె భర్త 1971 యుద్ధంలో ఓడతో పాటు మునిగిపోయాడు. శవం దొరకలేదు. అదే ఓడలో పనిచేసి బతికి బయటపడ్డ ఆత్మారాం ఆమెకు కుర్చీ వేసి, చాయ్ పెట్టాడు.

“ఇంటికి తలుపు లేదేందన్న? దొంగలకు దావత్ ఇస్తున్నవా?”

“పీకేసిన చెల్లె. శానేండ్లాయె.”

“మా అత్త పోయింది. మొన్ననే దినాలైనయ్.”

“అయ్యో.”

“కొడుకు శవం సూడంది నన్ను మెట్టెలు తియ్యనియ్యలే. ఇగ అడ్డం ఎవ్వరు లేరు. బాల్కొండకు వచ్చినప్పుడల్లా అడిగితె ‘నేను సూడలే’ అంటవ్. ఇయ్యాల నిజం చెప్పు. తియ్యాల్నా, ఉంచుకోవాల్నా?”

ఆత్మారాం వాకిలి వైపు చూశాడు. పదిహేడేళ్లుగా ఆ మాట అతని గొంతు దాటలేదు.

“ఓడకు బాంబు తగిలింది. కింది గదిలకు నీళ్లొచ్చినయ్. ఇనుప తలుపు ముయ్యమన్నరు. మూస్తె ఓడ దక్కుతదన్నరు. మూసిన.”

“ఆయన?”

“లోపటున్నడు.”

“నీకు ఎరికేనా?”

“మూసినంక ఎరికైంది. కొట్టిండు. ‘ఆత్మారామన్నా’ అని పిలిచిండు.”

“తియ్యలే?”

“తియ్యలే.”

“ఎంతసేపు కొట్టిండు?”

“తలుపు మీద చెయ్యి పెట్టుకొని నిలబడ్డ. సప్పుడు ఆగేదాక.”

“మూసినంక ఓడ ఎంతసేపు నిలిచింది మరి?”

“ఎక్కువసేపు లేదు చెల్లె. ఇంకో పది నిమిషాలకు అది గూడ మునిగింది.”

వసంతమ్మ వంగి మెట్టెలు తీసి కొంగున ముడి వేసుకుంది. చాయ్ ముట్టలేదు. పన్నెండున్నర బస్సుకు బాల్కొండ వెళ్లింది.