కూతురి స్లైడు చూడనన్న డాక్టరమ్మ

1991 జూలై ఎనిమిదో తేదీన మా ఆసుపత్రి పాథాలజీ విభాగంలో సహాయ వైద్యురాలిగా చేరి, నేడు విభాగాధిపతిగా పదవీ విరమణ చేస్తున్న డాక్టరమ్మగారిని సిబ్బంది చాటుగా ‘ఆగండమ్మ’ అని పిలుచుకుంటారన్న సంగతి వారికి తెలియదని మనమంతా అనుకుంటున్నాం. వారికి మొదటి ఏడాదే తెలిసిపోయింది.

ఆ పేరు ఊరికే రాలేదు. పిల్లల్లో, పడుచువాళ్ళలో మోకాలి దగ్గరో చీలమండ దగ్గరో మెల్లగా పెరిగే గడ్డను ఆటలో తగిలిన దెబ్బ అనో, నీటితిత్తి అనో తేల్చి కోయబోయే శస్త్రవైద్యులను “ఆగండి, ముందు సూదితో ముక్క తీసి పంపండి” అని వారు ఆపుతూ వచ్చారు. సైనోవియల్ సార్కోమా అనే అరుదైన క్యాన్సరు ఒక్కోసారి అంత అమాయకంగానే కనిపిస్తుంది. తెలియక కోస్తే కణాలు చుట్టూ చెదిరి కాలికే ముప్పు రావచ్చు. అందుకే విభాగాధిపతి అయిన వెంటనే, అనుమానమున్న ప్రతి స్లైడునూ, అంటే ఆ ముక్క పొరను పరిచిన గాజు పలకను, ఇద్దరు ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా సూక్ష్మదర్శినిలో చూడాలని, ఎవరూ తమ సొంతవాళ్ళ స్లైడును మాత్రం చూడకూడదని నియమం పెట్టారు.

నాలుగేళ్ళ కిందట ఆ నియమం వారి మెడకే చుట్టుకుంది. కాలేజీలో చేరిన కూతురికి మోకాలి వెనుక వాపు వచ్చింది. “పరుగు పందేల్లో బెణికి ఉంటుందిలే” అని నెలల తరబడి కొట్టిపారేసింది ఎవరో కాదు, ఊరందరినీ ఆపిన ఈ డాక్టరమ్మగారే. చివరికి ముక్క తీసి పంపారు. స్లైడులో సన్నని కదురుల్లాంటి కణాలు కిక్కిరిసి కనిపించేసరికి వారి దగ్గర పనిచేసే కుర్ర డాక్టరు దాన్ని పట్టుకుని వారి గదికి వచ్చాడు.

“మేడమ్, నా వల్ల కావట్లేదు. ఒక్కసారి మీరూ చూడండి.”

“నేను చూస్తే నాకు గడ్డ కనపడదయ్యా, నా పిల్ల కనపడుతుంది. రెండోసారి ఇంకెవరికైనా చూపించు. జన్యు పరీక్షకి పంపు. అది వచ్చేదాకా ఎవర్నీ కత్తి పట్టనివ్వకు.”

ఫలితం వచ్చేవరకు వారు రిపోర్టుల కిటికీ దగ్గర మిగతా తల్లుల మధ్యే నిలబడ్డారు. గుమాస్తా తల ఎత్తకుండానే, “తొందరపెడితే తప్పొస్తుందమ్మా, వెళ్ళి కూర్చోండి” అన్నాడు. అది వారు నేర్పిన మాటే. వారు వెళ్ళి కూర్చున్నారు.

పరీక్ష అనుమానాన్నే నిజం చేసింది, అది సైనోవియల్ సార్కోమాయే. కోయకముందే తెలిసింది కనుక శస్త్రవైద్యులు గడ్డను చుట్టూ ఉన్న మంచి కండతో సహా తీశారు. కాలు దక్కింది. భయం మాత్రం పోలేదు, ఈ వ్యాధి ఏళ్ళు గడిచాక కూడా ఊపిరితిత్తుల్లో తలెత్తగలదు. వచ్చే వారం ఆ అమ్మాయికి మళ్ళీ ఛాతీ స్కానింగు. వీడ్కోలు సభ ఎప్పుడు పెట్టమంటారని అడిగితే, “స్కానింగు అయ్యాక పెట్టుకుందాం. ఇప్పుడు మీరెంత పొగిడినా నా చెవికెక్కదు” అన్నారు. అలాగే పెట్టుకుంటున్నాం.

పదవీ విరమణ చేసేవారికి ఆయురారోగ్యాలు కోరడం మర్యాద. అవి ముందు తనకే కోరితే డాక్టరమ్మగారు ఊరుకోరు. కనుక ఆ అమ్మాయి ఊపిరితిత్తులు నిర్మలంగా ఉండాలని, ఆమె నిండు నూరేళ్ళు బతకాలని ముందు కోరుకుంటున్నాం. అది కళ్ళారా చూస్తూ తల్లి ఆరోగ్యంగా, చిరకాలం జీవించాలని ఆ తర్వాత కోరుకుంటున్నాం.